చిన్న విమానంలో ఫ్యూయల్ లెక్క, ఇంజిన్ ఆగితే చేయాల్సిన పని: చంద్రపూర్, గడ్చిరోలి వైపు ఎగిరేవారికి సమగ్ర మార్గదర్శి

బల్లార్షా, రాజురా, చంద్రపూర్, సిరొంచ వైపు తెలుగు ఇళ్ళ నుంచి పైలట్ శిక్షణకు వెళ్తున్న పిల్లలు, వాళ్ళ తల్లిదండ్రులు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్న ఒకటుంది: "గాల్లో ఇంజిన్ ఆగిపోతే ఏం చేయాలి?" ఆ జవాబు కింద 6వ భాగంలో ఉంది. కానీ దానికన్నా ముందు ఐదు భాగాలున్నాయి. ఫ్యూయల్ వల్ల ఆగే ఇంజిన్లలో ఎక్కువ భాగం నేల మీదే ఆపగలిగినవి కాబట్టి ఆ ఐదూ చదవకుండా ఆరోదానికి వెళ్ళకండి.

ఇక్కడ ఇచ్చిన అంకెలు ఎక్కువగా సెస్నా 172ఎస్ విమానానివి. మీరు ఎగిరేది 152 అయినా, పైపర్ అయినా, డైమండ్ అయినా ఆ విమానం హ్యాండ్‌బుక్‌లో ఉన్న అంకెలే మీవి. మీ స్కూల్ ఆపరేషన్స్ మాన్యువల్ ఇంతకన్నా కఠినంగా ఉంటే దాన్నే పాటించండి.

1. ముందు తేడా తెలుసుకోండి: ఫ్యూయల్ అయిపోవడం వేరు, అందకపోవడం వేరు

ట్యాంకులన్నీ ఖాళీ అయి ఇంజిన్ ఆగడం ఒకటి. ట్యాంకులో ఫ్యూయల్ ఉండగానే అది ఇంజిన్‌కు చేరకపోవడం ఇంకొకటి. సెలెక్టర్ (ఏ ట్యాంకు నుంచి ఫ్యూయల్ రావాలో ఎంచే నాబ్) తప్పు ట్యాంకు మీద ఉండటం, వెంట్ (ట్యాంకులోకి గాలి వచ్చే గొట్టం) మూసుకుపోవడం, లైన్లో నీళ్ళు చేరడం, కార్బురేటర్‌లో (గాలి, పెట్రోల్ కలిపే భాగం) మంచు కట్టడం రెండో రకం కిందికి వస్తాయి.

మొదటి రకానికి గాల్లో మందు లేదు. రెండో రకానికి చాలాసార్లు ఉంది, అదీ మీ చేతికి అందేంత దూరంలోనే ఉంటుంది. అందుకే మొదటిదాన్ని నేల మీద లెక్కతో ఆపాలి, రెండోదాన్ని తనిఖీతోనూ సాధనతోనూ ఎదుర్కోవాలి.

పాత మోటార్ సైకిల్‌లో పెట్రోల్ అయిపోతే నాబ్ తిప్పి రిజర్వ్‌లో ఇల్లు చేరేవాళ్ళం. విమానంలో అలాంటి విడి రిజర్వ్ ఏదీ లేదు. కాగితం మీద మీరు పక్కన పెట్టుకున్న నిమిషాలే మీ రిజర్వ్.

2. లెక్క: లీటర్లను నిమిషాలుగా మార్చండి

సెస్నా 172ఎస్‌లో మొత్తం 56 అమెరికన్ గ్యాలన్లు పడతాయి. అందులో వాడుకోగలిగేది 53 గ్యాలన్లు, అంటే సుమారు 200 లీటర్లు. మిగతా మూడు గ్యాలన్లు ట్యాంకు అడుగున ఉండిపోతాయి, వాటిని లెక్కలోకి తీసుకోకూడదు.

గంటకు 36 లీటర్లు తాగుతుందనుకుంటే, నిండు ట్యాంకులతో సుమారు ఐదున్నర గంటలు. చాలామంది ఇక్కడే లెక్క ఆపేస్తారు. ఆ ఐదున్నర గంటల్లో మీరు నిజంగా వాడుకోగలిగేది ఎంతో తెలియాలంటే మొత్తం ప్రయాణాన్ని విడగొట్టాలి.

ఉదాహరణకు చంద్రపూర్ పక్కన మోర్వా ఎయిర్‌స్ట్రిప్ నుంచి గోందియా దగ్గరి బిర్సీకి సుమారు 110 నాటికల్ మైళ్ళు. విమానం వేగం 110 నాట్లు (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు), ఎదురుగాలి 15 నాట్లు అనుకుందాం. నేల మీద వేగం 95 అవుతుంది, ప్రయాణం 70 నిమిషాలు. బిర్సీలో దిగలేకపోతే నాగపూర్ వెళ్ళాలి. అది మరో 74 నాటికల్ మైళ్ళు, అదే వేగంతో 47 నిమిషాలు.

- స్టార్ట్, టాక్సీ, టేకాఫ్: 5 లీటర్లు
- పైకెక్కేటప్పుడు అదనంగా: 5 లీటర్లు
- ప్రయాణం, 70 నిమిషాలు: 42 లీటర్లు
- అనుకోని ఆలస్యానికి ప్రయాణంలో పదో వంతు: 4 లీటర్లు
- నాగపూర్ మళ్ళింపు, 47 నిమిషాలు: 28 లీటర్లు
- ముట్టుకోకూడని రిజర్వ్, 60 నిమిషాలు: 36 లీటర్లు
- మొత్తం: 120 లీటర్లు

పగటిపూట వీఎఫ్ఆర్ (కంటితో బయటికి చూస్తూ ఎగిరే) ఫ్లైట్‌కు నియమం అడిగే రిజర్వ్ 30 నిమిషాలే. నేను 60 పెట్టమంటాను. మన వైపు మోర్వా, యవత్మాళ్ లాంటి స్ట్రిప్పులు ఒకదానికొకటి దూరం, మధ్యలో అడవి. ఒక్క రన్‌వే ఉన్న చోట ఎవరిదైనా టైరు పేలి విమానం మధ్యలో ఆగితే ముప్పై నిమిషాలు ఎంతసేపో ఆలోచించండి.

ఇప్పుడు అదే ప్రయాణంలో రెండు చిన్న తప్పులు కలిపి చూడండి. గాలి 15 నాట్లు కాక 30 ఉంది. మిక్చర్ లీన్ చేయడం (గాలిలో కలిసే పెట్రోల్ పాలు తగ్గించడం) మరచిపోయారు కాబట్టి ఇంజిన్ గంటకు 36 బదులు 45 లీటర్లు తాగుతోంది. 70 నిమిషాల ప్రయాణం 82 నిమిషాలు దాటుతుంది. 42 లీటర్లు అనుకున్నది 62 అవుతుంది. అదనంగా పోయిన 20 లీటర్లు మీ రిజర్వ్‌లో సగానికి పైనే. ఏదీ పాడవలేదు, ఏ హెచ్చరికా రాలేదు, అయినా రిజర్వ్ తరిగిపోయింది.

హ్యాండ్‌బుక్‌లో ఉన్న వినియోగం అంకె మిక్చర్ సరిగ్గా లీన్ చేసిన ఇంజిన్‌ది అని గుర్తుంచుకోండి. నాబ్ పూర్తిగా రిచ్‌లో పెట్టి బుక్ అంకెతో లెక్క వేస్తే ఆ లెక్క మీ విమానానిది కాదు.

యూనిట్ల దగ్గర ఆగండి. మనకు ఫ్యూయల్ పోసేది లీటర్లలో. హ్యాండ్‌బుక్ మాట్లాడేది అమెరికన్ గ్యాలన్లలో. బరువు లెక్క పౌండ్లలోనో కిలోల్లోనో. ఒక అమెరికన్ గ్యాలన్ 3.785 లీటర్లు. ఏవ్‌గ్యాస్ (చిన్న విమానాల పెట్రోల్) లీటరు సుమారు 0.72 కిలోలు, జెట్ ఏ-1 (కిరోసిన్ తరహా జెట్ ఫ్యూయల్) సుమారు 0.8 కిలోలు. 1983 జులై 23న ఎయిర్ కెనడా బోయింగ్ 767 ఒకటి గాల్లోనే రెండు ఇంజిన్లూ ఆగిపోయి గిమ్లీ అనే చోట గ్లైడ్ చేస్తూ దిగింది. లీటరుకు కిలోల అంకె వాడాల్సిన చోట పౌండ్ల అంకె 1.77 వాడటమే కారణం. అంత పెద్ద విమానంలో, అంతమంది చూసిన లెక్కలోనే అది దొర్లింది. కాబట్టి కాగితం మీద ప్రతి అంకె పక్కనా యూనిట్ రాయండి. అంకె ఒక్కటే రాసిన కాగితాన్ని చెల్లనిదిగా చూడండి.

3. నేల మీద తనిఖీ: ఏ క్రమంలో చేయాలి

ఈ భాగానికి తొందర పనికిరాదు. ఇన్‌స్ట్రక్టర్ ఎదురు చూస్తున్నారని టెన్షన్ పడి డ్రైన్ చెక్ (ట్యాంకు అడుగు నుంచి కొంచెం ఫ్యూయల్ తీసి చూడటం) సగంలో వదిలేసేవాళ్ళే ఎక్కువ. మీ పేరు పిలిచినా సరే, మొదలుపెట్టిన తనిఖీ పూర్తి చేయండి. మధ్యలో ఎవరైనా మాట్లాడిస్తే మళ్ళీ మొదటి నుంచి చేయండి.

ముందు విమానం సమంగా నిలబడిందో లేదో చూడండి. ఒక రెక్క కిందికి ఉంటే డిప్ కొలత (ట్యాంకులో పుల్ల ముంచి చూసేది) తప్పుతుంది, ట్యాంకు నిండినట్టు కనిపించినా పూర్తిగా నిండదు. 172లో సెలెక్టర్ "బోత్" (రెండు ట్యాంకులూ) మీద వదిలి వాలు నేల మీద పార్క్ చేస్తే పై ట్యాంకులోంచి కింది ట్యాంకులోకి ఫ్యూయల్ జారి, వెంట్ గుండా కారిపోతుంది కూడా. పార్కింగ్‌లో సెలెక్టర్‌ను ఎడమకో కుడికో పెట్టండి. మళ్ళీ ఎగిరే ముందు "బోత్"కు తిప్పడం చెక్‌లిస్ట్‌లో పెట్టుకోండి.

తర్వాత ఈ క్రమంలో వెళ్ళండి:

- ప్రతి ట్యాంకు మూత తీసి, ఆ విమానానికే గీతలు పెట్టిన డిప్ స్టిక్‌తో కొలవండి. కొలత కాగితం మీద రాయండి.
- కొలత, ఫ్యూయల్ బిల్లు, లాగ్ బుక్, గేజ్ నాలుగూ పోల్చండి. తేడా వస్తే తక్కువ అంకెనే నమ్మండి.
- మూత రబ్బరు పగిలిందా చూడండి. మూత బిగించాక చేత్తో లాగి చూడండి.
- వెంట్ గొట్టం చివర చూడండి. కందిరీగలు అందులో మట్టితో గూడు కడతాయి. కొన్ని రోజులు కదలకుండా ఉన్న విమానంలో ఇది మరీ ముఖ్యం.
- ప్రతి డ్రైన్ పాయింట్ నుంచీ శాంపిల్ తీయండి. 172ఎస్‌లో ఇవి 13 ఉన్నాయి. ఒకటీ రెండూ చూసి మానేయకండి.

శాంపిల్ కప్పును ఎలా చూడాలి. ఏవ్‌గ్యాస్ 100ఎల్ఎల్ లేత నీలం. నీళ్ళు బరువు కాబట్టి అడుగుకు దిగుతాయి, మధ్యలో గీత కనిపిస్తుంది. ప్రమాదం ఎక్కడంటే, కప్పు మొత్తం నీళ్ళే వస్తే గీత కనిపించదు, అంతా శుభ్రంగా ఉన్నట్టే అనిపిస్తుంది. అందుకని కప్పును తెల్ల కాగితం ముందు పట్టి నీలం రంగు ఉందా అని చూడండి, వాసన చూడండి. నీళ్ళు వస్తే రాకుండా పోయేదాకా తీస్తూనే ఉండండి. ఎంతకీ ఆగకపోతే విమానం ఇంజినీర్‌కు అప్పగించండి.

వానాకాలంలో గడ్చిరోలి వైపు ఆరుబయట నిలిపిన విమానానికి మూత రబ్బరు గుండా నీళ్ళు దిగడం మామూలే. సగం ఖాళీగా రాత్రంతా నిలిపిన ట్యాంకులో గాలిలోని తేమ కూడా నీరుగా మారుతుంది. బరువు లెక్క ఒప్పుకుంటే సాయంత్రమే నింపి ఉంచడం మేలు. మే నెలలో మాత్రం అంచు దాకా నింపి ఎండలో వదలకండి. 45 డిగ్రీలు దాటే చంద్రపూర్ ఎండకు పెట్రోల్ ఉబ్బి వెంట్ గుండా పొంగిపోతుంది, మీరు రాసుకున్న అంకె అబద్ధం అవుతుంది.

తప్పు ఫ్యూయల్. ఇప్పుడు డీజిల్ తరహా ఇంజిన్లున్న డైమండ్ విమానాలు జెట్ ఏ-1తో నడుస్తున్నాయి. అదే ఆప్రాన్ (విమానాలు నిలిపే చోటు) మీద పక్కనే ఏవ్‌గ్యాస్ విమానం ఉంటుంది. ఏవ్‌గ్యాస్ ఇంజిన్‌లో జెట్ ఫ్యూయల్ పడితే టాక్సీకి, రన్-అప్‌కు (టేకాఫ్ ముందు చేసే ఇంజిన్ పరీక్ష) లైన్లో మిగిలిన మంచి పెట్రోల్ సరిపోవచ్చు. టేకాఫ్ తర్వాత పూర్తి పవర్‌లో ఇంజిన్ దెబ్బతింటుంది. అనుమానం ఉంటే ఒక చుక్క తెల్ల కాగితం మీద వేయండి. ఏవ్‌గ్యాస్ ఆరిపోయి మరక మిగలదు. జెట్ ఫ్యూయల్ కలిసి ఉంటే నూనె ఉంగరంలా మిగులుతుంది. ఫ్యూయల్ పోసేటప్పుడు పక్కనే నిలబడండి. బౌజర్ (ఫ్యూయల్ ట్యాంకర్) మీద పేరు చదవండి, ఎర్తింగ్ వైరు తగిలించారా చూడండి.

4. టేకాఫ్ ముందు, దారిలో

రన్-అప్ ఏ ట్యాంకు మీద చేశారో దాని మీదే టేకాఫ్ తీసుకోండి. రన్-అప్ అయ్యాక సెలెక్టర్ తిప్పి వెంటనే రన్‌వే ఎక్కితే కొత్త ట్యాంకు లైన్లో ఉన్న నీళ్ళో గాలి బుడగో సరిగ్గా మూడు వందల అడుగుల ఎత్తులో ఇంజిన్‌కు చేరొచ్చు.

172లో "బోత్" ఉంటుంది. పైపర్ పీఏ-28లో ఉండదు, ఎడమ లేదా కుడి మాత్రమే. అందుకే పైపర్‌లో వాచీ చూసి 30 నిమిషాలకోసారి ట్యాంకు మార్చాలి. మార్చే ముందు ఎలక్ట్రిక్ పంప్ ఆన్ చేయండి, ప్రెషర్ చూడండి, సెలెక్టర్ తిప్పి గాడిలో పడిందో లేదో వేలితో తడిమి చూడండి. దిగగలిగే పొలం కింద ఉన్నప్పుడే మార్చండి. అడవి మీద, తక్కువ ఎత్తులో, దిగే ముందు రన్‌వే చుట్టూ తిరిగే సర్క్యూట్ మలుపుల్లో మార్చకండి.

మోకాలి మీద కాగితంలో ప్రతి చెక్‌పాయింట్ దగ్గర నాలుగు అంకెలు రాయండి:

- అనుకున్న సమయం, చేరిన సమయం
- ఏ ట్యాంకు మీద ఉన్నారు
- వాడిన లీటర్లు, మిగిలిన నిమిషాలు
- గమ్యంలో దిగేసరికి మిగిలే నిమిషాలు

నాలుగో అంకె 60 కన్నా తగ్గిందా, అక్కడికక్కడే నిర్ణయం తీసుకోవాలి: దగ్గర ఉన్న ఎయిర్‌ఫీల్డ్‌లో దిగి ఫ్యూయల్ పోయించుకోవడం, లేదా వెనక్కి తిరగడం. "ఇంకో చెక్‌పాయింట్ చూద్దాం" అనే మాటను మనసులోకి రానివ్వకండి.

ఫ్యూయల్ తక్కువవుతోందని ఏటీసీకి (విమానాల రాకపోకలు చూసే కంట్రోలర్) చెప్పడానికి రెండు మాటలున్నాయి. ఒక ఎయిర్‌ఫీల్డ్‌లో దిగడానికి కట్టుబడ్డాక, ఇంకా ఆలస్యమైతే రిజర్వ్‌లోకి చేయి పెట్టాల్సి వస్తుందనిపిస్తే "మినిమమ్ ఫ్యూయల్" అనాలి. అది సమాచారం మాత్రమే, దానితో మీకు ముందు వరస దొరకదు. దిగేసరికి రిజర్వ్ కన్నా తక్కువే మిగులుతుందని లెక్క తేలితే "మేడే, మేడే, మేడే, ఫ్యూయల్" అనాలి. అలా చెప్పడానికి సిగ్గుపడకండి. సీనియర్లు ఏమనుకుంటారో, స్కూల్లో ఏం రాస్తారో అన్నది దిగాక చూసుకోవచ్చు.

5. కార్బురేటర్ ఐస్: ఎండలో కూడా

152, పాత 172 ఇంజిన్లకు కార్బురేటర్ ఉంటుంది. 172ఎస్‌కు ఉండదు, అది ఇంజెక్షన్. మన వైపు చలి ఎక్కడ, మంచు ఎక్కడ అనుకునేవాళ్ళు చాలామంది. కార్బురేటర్ లోపల పెట్రోల్ ఆవిరవుతూ గాలిని బాగా చల్లబరుస్తుంది. బయట 25 డిగ్రీలున్నా, గాలిలో తేమ ఉంటే లోపల మంచు కడుతుంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో వాన వెలిసిన ఉదయాన, థ్రోటిల్ తగ్గించి దిగేటప్పుడు ఇది ఎక్కువ.

గుర్తు: ఏమీ కదపకుండానే ఆర్‌పీఎం మెల్లగా తగ్గుతుంది. కార్బ్ హీట్ పూర్తిగా లాగండి. మొదట ఆర్‌పీఎం ఇంకా తగ్గుతుంది, ఇంజిన్ గరగరమంటుంది. కరిగిన మంచు నీళ్ళై లోపలికి పోవడమే అది. కొత్తవాళ్ళు భయపడి అక్కడే నాబ్ లోపలికి నెట్టేస్తారు. నెట్టకండి, ఆర్‌పీఎం మళ్ళీ పెరిగేదాకా ఆగండి.

6. ఇంజిన్ ఆగింది: క్రమం ఇదే

మొదటి పని విమానాన్ని ఎగరనివ్వడం. ముక్కు దించి గ్లైడ్ వేగం పట్టండి: నిండు బరువుతో 172ఎస్‌కు 68 నాట్లు, 152కు 60. ట్రిమ్ చేయండి (చేతి బలం లేకుండా అదే వేగం నిలిచేలా సర్దండి). వెయ్యి అడుగుల ఎత్తుకు గాలి లేనప్పుడు సుమారు ఒకటిన్నర నాటికల్ మైలు జారుతుంది.

రెండోది పొలం ఎంచుకోవడం. విమానాన్ని అటు తిప్పాకే మూడో పని.

మూడోది ఇంజిన్‌ను మళ్ళీ అందుకునే ప్రయత్నం. నేల నుంచి పైకి చేయి కదుపుతూ రండి:

- ఫ్యూయల్ షట్-ఆఫ్ లోపలికి
- సెలెక్టర్ "బోత్"కు; బోత్ లేకపోతే రెండో ట్యాంకుకు
- ఎలక్ట్రిక్ పంప్ ఆన్
- మిక్చర్ రిచ్
- కార్బ్ హీట్ ఉంటే పూర్తిగా ఆన్
- మాగ్నెటోలు (ఇంజిన్‌కు స్పార్క్ ఇచ్చేవి) "బోత్", ఒక్కోటి చూడండి
- ప్రైమర్ (స్టార్ట్‌కు ముందు ఇంజిన్‌లోకి పెట్రోల్ కొట్టే నాబ్) ఉంటే లాక్ అయిందా

గాలికి ప్రొపెల్లర్ తిరుగుతూనే ఉంటే స్టార్టర్ అక్కర్లేదు. ట్యాంకు మార్చాక ఫ్యూయల్ ఇంజిన్ దాకా రావడానికి కొన్ని సెకన్లు పడుతుంది. ఆ కొన్ని సెకన్లలో ఓపిక పట్టలేక సెలెక్టర్‌ను మళ్ళీ ఖాళీ ట్యాంకుకు తిప్పేవాళ్ళుంటారు. ఒకసారి తిప్పాక చేయి తీసేయండి.

నాలుగోది రేడియో. మీరున్న ఫ్రీక్వెన్సీలోనే మేడే చెప్పండి, ఎవరూ పలకకపోతే 121.5. ట్రాన్స్‌పాండర్‌లో (రాడార్‌కు మీ విమానాన్ని చూపే పరికరం) 7700 పెట్టండి. ఎక్కడున్నారో, ఎంతమంది ఉన్నారో చెప్పండి.

దిగడం ఖాయమయ్యాక:

- 172ఎస్‌లో ఫ్యూయల్ షట్-ఆఫ్ పూర్తిగా బయటికి, సెలెక్టర్‌కు ఆఫ్ ఉన్న విమానాల్లో సెలెక్టర్ ఆఫ్; మిక్చర్ కట్-ఆఫ్, మాగ్నెటోలు ఆఫ్
- ఫ్లాప్స్ దించాక మాస్టర్ (మొత్తం కరెంటు స్విచ్) ఆఫ్
- బెల్టులు బిగించాలి. తలుపు గడియ తీసి ఉంచాలి, లేకపోతే ఫ్రేమ్ వంగి ఇరుక్కుంటుంది

టేకాఫ్ వెంటనే ఆగితే ఈ జాబితా మొత్తం వద్దు. ముక్కు దించండి, ఎదురుగా 30 డిగ్రీల అటూ ఇటూలో ఏది మెరుగో అందులో దిగండి. తక్కువ ఎత్తులో రన్‌వేకు వెనక్కి తిరగాలనుకోవడం స్టాల్ (రెక్క విమానాన్ని మోయలేకపోవడం), స్పిన్‌కు (గిరగిరా తిరుగుతూ పడటం) దారి. ఏ ఎత్తు కన్నా కింద వెనక్కి తిరగకూడదో టేకాఫ్ ముందే ఇన్‌స్ట్రక్టర్‌తో పైకి చెప్పుకోండి.

7. మన నేల మీద పొలం ఎలా ఎంచాలి

వరి కోసిన మళ్ళు డిసెంబరు నుంచి గట్టిపడతాయి. కానీ గట్లు ఉంటాయి, అడ్డంగా తగిలితే ముక్కు చక్రం విరుగుతుంది. పొడవైన మడి చూసి గట్టుకు సమాంతరంగా దిగండి. జులై నుంచి అవే మళ్ళలో బురద. అప్పుడు మెరక చేను మంచిది. పత్తి చేలో సాళ్ళ వెంట దిగాలి.

ప్రాణహిత, వార్ధా నదుల ఇసుక ఎండాకాలంలో పైనుంచి రన్‌వేలా కనిపిస్తుంది. పొడి ఇసుక మెత్తన, చక్రం దిగబడి విమానం బోర్లా పడొచ్చు. నీటి అంచున తడిసి గట్టిపడ్డ ఇసుక కొంత నయం. సిరొంచ దగ్గర నదిలో నీళ్ళు పెరిగినప్పుడు, తగ్గినప్పుడు ఇసుక తేలే చోటు మారుతుంది కాబట్టి పోయిన నెల చూసిన తిన్నెను నమ్ముకోకండి.

చంద్రపూర్ చుట్టూ రెండు ప్రమాదాలు: ఓపెన్ కాస్ట్ గనుల మట్టి దిబ్బలు, థర్మల్ పవర్ స్టేషన్ నుంచి నలుదిక్కులా పోయే హై టెన్షన్ లైన్లు. పైనుంచి తీగ కనపడదు, టవర్ల వరస కనపడుతుంది. రెండు టవర్లు కనిపిస్తే మధ్యలో తీగ ఉన్నట్టే. అదే పవర్ స్టేషన్ పొగ గొట్టాలు ఒక మేలు కూడా చేస్తాయి: పొగ వాలే తీరు చాలా దూరం నుంచి గాలి దిశ చెబుతుంది. నేల మట్టం గాలికి మాత్రం పొలాల్లో చెత్త కాల్చే పొగనూ దారి దుమ్మునూ చూడండి.

తాడోబా వైపో గడ్చిరోలి లోపలికో వెళ్ళే దారి ఎంచేటప్పుడు నేరు గీత గీయకండి. పది నిమిషాలు ఎక్కువైనా పొలాల అంచున వెళ్ళే దారి గీయండి, ఆ పది నిమిషాలను 2వ భాగంలోని లెక్కలో కలపండి.

8. దిగాక

బయటికి వచ్చి, గాలి ఎటు నుంచి వీస్తోందో అటు వైపు, విమానానికి దూరంగా నడవండి. ఊళ్ళోవాళ్ళు క్షణాల్లో పరిగెత్తుకొస్తారు, సాయం చేయాలనే వస్తారు. పగిలిన ట్యాంకు దగ్గర ఎవరైనా బీడీ వెలిగించకుండా చూడటం మీ మొదటి పని. సిరొంచ వైపు తెలుగులోనే చెప్పొచ్చు. ఇంకా ఉత్తరానికి వెళ్తే మరాఠీలో "దూర్ వ్హా, పెట్రోల్ ఆహే" (దూరం జరగండి, పెట్రోల్ ఉంది) అని గట్టిగా అరవండి. 112కు ఫోన్ చేయండి, తర్వాత స్కూల్‌కు. ప్రాణం కాపాడటానికి తప్ప విమానంలో దేన్నీ కదపకండి. సెలెక్టర్ ఏ స్థానంలో ఉందో, ట్యాంకుల్లో ఎంత మిగిలిందో దర్యాప్తుకు కావాలి.

9. నెలనెలా సాధన

- ఇంజిన్ ఆపేసిన నేల మీది విమానంలో కూర్చుని, కళ్ళు మూసుకుని, 6వ భాగంలోని ఏడు నాబులు వరసగా ముట్టుకోండి.
- ఇన్‌స్ట్రక్టర్‌తో గాల్లో గ్లైడ్ సాధన చేయండి. థ్రోటిల్ తగ్గించి మాత్రమే చేయాలి, సెలెక్టర్ కట్టేసి ఎప్పుడూ చేయకూడదు. దిగుతూ మధ్య మధ్యలో కాస్త పవర్ ఇచ్చి ఇంజిన్‌ను వేడిగా ఉంచండి.
- ప్రతి ఫ్లైట్ తర్వాత మళ్ళీ డిప్ వేసి, అనుకున్న వినియోగం, అసలు వినియోగం పక్కపక్కన రాయండి. పది ఫ్లైట్లు రాస్తే ఆ విమానం గంటకు నిజంగా ఎంత తాగుతుందో తెలుస్తుంది. తర్వాతి లెక్కలో 36 బదులు ఆ అంకె వేయండి.